చేవను డ్రోను చూడగలదా?



డ్రోను నెగురవేసి అడవిలోని కలప ఎంతో ఇట్టే చెప్పవచ్చునని కొందరి ఉత్సాహము. మధురానగర్‌లో మా మేడ మీదినుండి చూచితే వీధిలోని వేపచెట్టుకు ఆకులూ కొమ్మలే కనబడును, మాను కనబడదు. దట్టమైన అడవిలో డ్రోనుకూ అంతే. అది పట్టునది చెట్టు ఎత్తు, తలకట్టు వెడల్పు. మాను లావు వాటినిబట్టి సమీకరణముతో ఊహించినదే.

పాత పద్ధతి హరిశ్చంద్రుడని నేననను. చుట్టుకొలతలో నాలుగవ వంతును వర్గించి పొడవుతో హెచ్చించు ఆ లెక్కలో గుండ్రని దుంగకు అసలు ఘనపరిమాణములో 78.5 శాతమే వచ్చును. మిగిలినది కోత తరుగట! అయినా ఆ తప్పును పలకా బలపమూ ఉన్నవాడెవడైనా పట్టగలడు. డ్రోను లెక్కలోని తప్పును రైతెట్లు పట్టును?

శేషాచలపు ఎర్రచందనమునే తీసుకొనుడు. దాని విలువంతా చేవలో, అనగా మాను నడిమి ఎర్రని గట్టికర్రలో ఉన్నది. పైనున్న తెల్లకర్రకు ధర లేదు. ఒకే లావున్న రెండు మానులలో చేవ ఒకటిగా ఉండదు. మనిషి సత్తువకూ మనవారు ఆ మాటే వాడిరి. ఆకాశమునుండి అది కనబడునా? 2023 నవంబరులో సైటిస్ తన వాణిజ్య సమీక్షనుండి మన ఎర్రచందనమును తొలగించినది. సొంత పొలమున దానిని పెంచినవాడికి ఎగుమతిమీద ఆశ కలుగు వేళ, అంచనా తప్పితే నష్టమెవరిది?

డ్రోనును ఎగురవేయుడు, కాదనను. ఆ తోటలోనే కొన్ని చెట్లు కొట్టి, టేపుతో కొలిచి, చేవను తూచి, డ్రోను అంకె ప్రక్కన తేడా ఎంతో వ్రాసి రైతు చేతికియ్యుడు. ఆ కాగితము లేనిదే అతడు సంతకము చేయరాదు.