నేరశాస్త్ర విద్య

బోయినపల్లి మండలమున పట్టభద్రుడైన యువకుడు గాని యువతి గాని నేరశాస్త్రమున ఎం.ఏ. చదువగోరినచో మొన్నటివరకు దూరపు నగరమున గది అద్దెకు తీసికొని యుండవలసి వచ్చెడిది. ఆన్‌లైను విద్య ఆ వ్యయమును తగ్గించినది. అనుమతి గల విద్యాలయములు ఈ విధముగా నిచ్చు పట్టములు తరగతి పట్టములతో సమానములని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2020 నాటి నిబంధనలలో చెప్పియున్నది. కాని మనస్తత్వ శాస్త్రమును దూరవిద్యగా గాని ఆన్‌లైనున గాని బోధింపరాదని, 2025 జులై-ఆగస్టు ప్రవేశములు మొదలుకొని, ఆ సంఘమే శాసించినది. కావున నేరశాస్త్రమునకు మనస్తత్వ మను మాట తగిలించి వచ్చు ప్రకటనలను చూచి రుసుము చెల్లించుటకు ముందు, మన రైతుబిడ్డలు సంఘపు జాబితాను పరిశీలించుట యుక్తము.

ఈ నిషేధము అకారణమని మేమనము. మనుష్యుని చూడక ఆతని మనస్సును నిర్ణయించుట యెట్టిదో ఈ దేశ మెఱుగును. 1871లో పరప్రభుత్వము నేరజాతుల చట్టము చేసి, పుట్టుకనుబట్టియే మనుష్యులను దొంగలుగా నెంచినది. నాటి గుంటూరు జిల్లాలో ఎరుకలకై వెలసిన స్టూవర్టుపురము ఆ చట్టపు నీడలోనిదే. 1952లో గాని ఆ చట్టము రద్దు కాలేదు.

ఐనను శాస్త్రమే వలదనుట పొరపాటు. అంతదూర మేల? సిరిసిల్లనే చూడుడు. మగ్గము సాగక, అప్పు తీరక, నేతకార్మికు లెందఱో ప్రాణములు తీసికొనిరి. ప్రాణము దక్కినవానికి 1860 నాటి శిక్షాస్మృతి 309వ సెక్షను ఏడాదివరకు ఖైదు చూపుచుండెను! ఆతడు తీవ్ర మనోవ్యథలో నుండెనని భావించి శిక్షింపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము పలికినది. 2024 జులై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ సెక్షను కానరాదు. శాసనము మాఱినది, ఠాణాలో వాఙ్మూలము వ్రాసికొను కానిస్టేబులుకును, ఊరి పెద్దలకును ఆ దృష్టి నెవరు నేర్పుదురు?

కరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయము 2008 నుండి యున్నది. ఇంటివద్ద వినదగిన పాఠములను ఆన్‌లైనునను, మనస్తత్వ భాగమును తరగతిలోను బోధించి, విద్యార్థులను కరీంనగరపు కారాగారమునకు, సిరిసిల్ల న్యాయస్థానమునకు వారమున కొకమాఱు కొనిపోవు ఏర్పాటు అచ్చట జరుగవలెను. బోయినపల్లి విద్యార్థి ఉదయము బయలుదేఱి సాయంకాలమునకు ఇల్లు చేరగలడు. పుస్తకములు మాత్రము తెలుగున నుండవలెను. ఠాణా మెట్లెక్కి బాధితుడు మొఱపెట్టుకొనునది తెలుగుననే కదా. రాబోవు విద్యాసంవత్సరపు ప్రవేశములకు ముందే ప్రభుత్వ మీ విషయమున నిర్ణయము ప్రకటించునని ఎదురుచూచుచున్నాము.