రమ్మీ అంటే పేకాట కాదా?

పేపర్లో జిల్లా పేజీ తిరగేస్తే వారానికోసారైనా కనిపించే వార్త: పేకాట శిబిరంపై పోలీసుల దాడి, పేకాటరాయుళ్ల అరెస్టు. మామిడితోట, పరిచిన దుప్పటి, స్వాధీనం చేసుకున్న నగదు, నాలుగు బైకులు. మనం ఇంటర్ చదివే రోజుల్లో యూట్యూబ్ తెరిస్తే ఇంకో బొమ్మ కనిపించేది. సోఫాలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన ఫోన్ పట్టుకుని నవ్వుతూ రమ్మీ ఆడమంటాడు. తోటలో ఆడేదీ చాలాసార్లు ఆ పదమూడు ముక్కలాటే. మరి అక్కడ పేకాట అయినది ఇక్కడ రమ్మీ ఎలా అయింది? ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించే.

ముందు ఇంగ్లీషు సంగతి చూద్దాం. డిక్షనరీలో రమ్మీకి పేకాట ఒక్కటే అర్థం కాదు. పాత బ్రిటిష్ వాడుకలో 'వింతగా, తేడాగా ఉన్నది' అని ఒక అర్థం. అమెరికా యాసలో తాగుబోతు అని ఇంకోటి, ఇది రమ్ము మీంచి వచ్చింది. ఆటకు ఆ పేరెందుకు వచ్చిందో నిఘంటువులు తేల్చలేదు. దాని తమ్ముడిలాంటి ఇంకో ఆటకు 'జిన్ రమ్మీ' అని పేరు పెట్టినవాళ్ళకు మాత్రం మందే గుర్తొచ్చి ఉంటుందని నా అనుమానం. మొత్తానికి పుట్టింట్లో ఈ మాటకు పెద్ద పరువేమీ లేదు. పరువంతా మన దగ్గరికి వచ్చాకే.

ఇంగ్లీషు మాట కాబట్టి వద్దంటున్నానని అనుకోకండి. పేకాట భాషంతా అరువు సొమ్మే. కళావరు అంటాం, ఆటీను అంటాం. డచ్చి భాషలో ఆ రంగుల పేర్లు క్లావర్, హార్టెన్. డచ్చివాళ్ళు 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. ఆ ఓడల్లోనే ఈ మాటలూ దిగాయని నేను నమ్ముతాను. ఇస్పేటు సరేసరి, ఇస్కూలు లాగే మన నోట్లో ఒక 'ఇ' తగిలించుకుంది. తురుపు ముక్కయితే పేకలోంచి లేచి రాజకీయ వార్తల్లోకి వెళ్ళి కూర్చుంది. ఇవన్నీ తెలుగులో కలిసిపోయాయి. వీటిలో ఏదీ ఆడేది పేకాట కాదని చెప్పడానికి రాలేదు. రమ్మీకి ఆ పని అప్పజెప్పారు.

ఆ పనికి వాళ్ళు చూపించే కాగితం మన తెలుగునేల మీద పుట్టిందే. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. సభ్యులు పందెం కట్టి రమ్మీ ఆడుతున్నారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ అన్న ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1967 నవంబరులో తీర్పు వచ్చింది. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం మీద నడిచేదని, రమ్మీ అలా కాదని కోర్టు చెప్పింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి ఇందులో ప్రధానమైనది నైపుణ్యమే అంది. ప్రకటనల్లో 'గేమ్ ఆఫ్ స్కిల్' అని మెరిసేదంతా ఇక్కడి నుంచి తీసుకున్నదే.

కానీ అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. పందెం కట్టి ఆడే ఆట మీద ఇంటి యజమాని గానీ క్లబ్బు గానీ లాభం తీసుకుంటుంటే అది నేరం కావచ్చు అని. ఆ క్లబ్బు తీసుకున్నది సభ్యులకు ఇచ్చే సౌకర్యాలకు కొద్దిపాటి రుసుమే కాబట్టి దాన్ని వదిలేశారు. యాప్ బతికేదే ప్రతి ఆటలో తీసుకునే కమీషన్ మీద. ముందు సగం బ్యానర్ మీద వేసి రెండో సగం మింగేయడం ఏం నైపుణ్యమో!

సరే, నైపుణ్యం ఉందనే ఒప్పుకుందాం. మనకు లెక్కలొచ్చు కదా. ఆరుగురు తలా వంద పెట్టారు, మొత్తం 600. యాప్ పది శాతం తీసుకుంటుందనుకోండి, టేబుల్ మీద మిగిలేది 540. ఆరుగురూ ప్రోబబిలిటీలో ఎస్ గ్రేడు తెచ్చుకున్నవాళ్ళే అయినా సగటున ఆటకు పది రూపాయలు పోతాయి. నీ నైపుణ్యం చేయగలిగింది ఒకటే, నీ పది కూడా పక్కవాడి జేబులోంచి పోయేలా చూడడం. అంటే నువ్వు గెలవాలంటే నీకంటే తక్కువ ఆట తెలిసినవాడు రోజూ వచ్చి కూర్చోవాలి. ఆ వచ్చేవాడు ఎవడు? 'రమ్మీయే కదా' అనుకుని మొన్ననే ఖాతా తెరిచిన ఫస్టియర్ కుర్రాడు.

మా ఫ్లోర్లో ఒకడు ఇలాగే మెస్ ఫీజు పోగొట్టుకున్నాడు, తర్వాత సప్లీ ఫీజు. "పేకాటెందుకురా నీకు" అని అడిగితే వాడికి నిజంగా కోపం వచ్చింది. "పేకాట కాదు మామా, రమ్మీ. మా నాన్న చస్తే పేకాట ముట్టుకోడు, నన్నూ ముట్టుకోనివ్వడు" అన్నాడు. అబద్ధమాడట్లేదు వాడు. వాడి తలలో అవి రెండు వేర్వేరు ఆటలు. తండ్రి ఇరవై ఏళ్ళు కాపలా కాసిన గుమ్మం ముందు నుంచి ఒక్క ఇంగ్లీషు మాట దర్జాగా లోపలికి నడిచింది. పందెంలో పోయిన డబ్బుకంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తగువునే పక్కన పెట్టేసింది. డబ్బు పెట్టి ఆన్‌లైన్లో ఆడించే ఆట ఏదైనా నిషిద్ధమే అంది. పెద్ద యాప్‌లు పందెం ఆటలు ఆపేశాయి. అయినా మా టెలిగ్రామ్ గ్రూపుల్లోకి ఎక్కడివో తెలియని లింకులు వస్తూనే ఉన్నాయి. వాటి మీదా అదే మాట, రమ్మీ, పక్కనే స్కిల్. చట్టం యాప్‌ను మూయగలదు గానీ మన నోట్లో మాటను మార్చలేదు. అది మనం చేసుకోవాల్సిన పని.

పేకాట మీద నాకు కోపం లేదు. పెళ్ళి విడిదిలో తెల్లవార్లూ మామయ్యలు ఆడే ఆట, అత్తయ్య వచ్చి కసిరితే దుప్పటి కింద దాక్కునే ముక్కలు, ఫుల్ కౌంట్ పడినవాడి మొహం, ఇవన్నీ నాకిష్టమే. వాళ్ళెవరూ దాన్ని స్కిల్ అనలేదు. 'పేకాడుతున్నాం' అన్నారు, కాస్త సిగ్గుపడుతూనే. ఆ సిగ్గు మంచిదే. ఎక్కడ లేవాలో అదే చెప్పేది.

అందుకే మా క్లబ్బు తయారుచేస్తున్న హాస్టల్ పదకోశంలో 'ర' దగ్గర నేను ఇలా రాసి ఇచ్చాను: 'రమ్మీ - పదమూడు ముక్కల పేకాట.' ఎడిటర్ ఇంకాస్త వివరంగా రాయమన్నాడు. అక్కర్లేదన్నాను. ఆట మొదట్లోనే ముక్కలు పడేసి తప్పుకోవడాన్ని మా ఊళ్ళో స్కూటు అంటారు. మీ ఊళ్ళో ఏమంటారో రాసి పంపండి, 'స' పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.