పిల్లికి పిల్లికూతలు



బిడ్డకు పడిసెము పట్టి రొమ్ము బిగిసినపుడు "లోపల పిల్లికూతలు వినబడుచున్నవి" అని మనమందరము అనుచుందుము. ఆ మాట నేనును ఎన్నిమారులో అంటిని గాని, పిల్లికే పిల్లికూతలు వచ్చునని నిరుటి వైశాఖము వరకు ఎరుగను. బిడ్డల పథ్యములను, ఊరగాయలను గూర్చి వ్రాయు నీ పుటలో ఈ మాసము పిల్లిని గూర్చి వ్రాయుచున్నదేమని నవ్వకుడు. తెలియక నేను చేసిన పొరపాటు ఇంక నొక యింట జరుగకుండుటకే ఇది వ్రాయుచున్నాను.

మాది విస్సన్నపేట. నూజివీటి మామిడిసీమలో వేసవి వచ్చినదన్న ఇండ్లలో మనుష్యులకంటె కాయలకే ఎక్కువ చోటు కావలెను. పెరటివైపు గదిలో వరిగడ్డి మందముగ పరచి చిన్నరసములు మాగవేసితిమి. మా మల్లి ఐదేండ్ల తెల్లపిల్లి. దానికి ఆ గడ్డి వెచ్చదనము మిక్కిలి నచ్చినది. పగలంతయు అందులోనే నిద్ర. మేను నిండ గడ్డినలుసులు.

ఒకనాటి రాత్రి వింతధ్వని విని లేచి చూతును గదా, మల్లి పొట్టను నేలకు ఆనించి, ముంజేతులు ఎడముగ పెట్టి, మెడ ముందునకు చాచి, వరుసగ నాలుగైదు మారులు దగ్గి, తుదకేదో మ్రింగినట్లు గుటక వేసెను. కక్కునేమో యని గోనెపట్టా తెచ్చి వేసితిని. ఏమియు కక్కలేదు. మా అత్తగారు మంచముమీదనుండియే, "బొచ్చు మింగి ఉంటుందే అమ్మాయీ! కాస్త ఆముదం పట్టించు, అదే పడిపోతుంది" అనిరి. పెద్దవారి మాట, నాకును అట్లే తోచినది. మూడు దినములు దాని నోరు తెరచి ఆముదము పోసితిని. మూడవనాడు అది గింజుకొని, పొరబోయి, ఆ దగ్గు ఎంతకును నిలువక కన్నులు తేలవేసినది. ఆ చూపు నేనిప్పటికిని మరువలేకున్నాను.

తరువాత తెలిసినది: నూనెలను బలవంతముగ నోట పోసినచో గొంతునకు ఎక్కువ దురద పుట్టింపకయే శ్వాసనాళములోనికి జారి, ఊపిరితిత్తులలో చేరి, వేరొక రోగమును తెచ్చునట. మా అదృష్టము, అంతవరకు రాలేదు.

బొచ్చు కక్కుటకును, దగ్గుటకును గల భేదము ఒకసారి తెలిసికొన్నచో మరల పొరబడము. బొచ్చు కక్కునపుడు పిల్లి కడుపు అలలు అలలుగ కదలును. తుదకు పొడుగుపాటి వెండ్రుకల యుండయో, నురుగో, తిన్న యన్నమో బయటపడును. దగ్గునపుడు మెడ చాచి వంగును, బయటికేమియు రాదు, చివర గుటక వేయును. "మా పిల్లి తరచుగ కక్కబోవును గాని కక్కదు" అని మీలో నెవరైన అనుచున్నచో, అది దగ్గేమో యని అనుమానింపవలెను.

మా వారు బడిపంతులు గనుక వారికి అన్నిటికిని లెక్క కావలెను. మల్లి నిద్రించు సమయమున గడియారము ముందిడుకొని దాని పక్క యెన్నిమారులు లేచి పడుచున్నదో నిముసము సేపు లెక్కించిరి. నలువదియారు! ఆరోగ్యముగ నున్న పిల్లి నిద్రలో నిముసమునకు ఇంచుమించు 15 మొదలు 30 వరకు శ్వాసలు తీయును. ప్రతిదినమును 30 దాటుచున్నచో వైద్యునకు చూపవలెను. గురగురలాడునపుడును, ఎండనుండి గాని ఆటనుండి గాని వచ్చినపుడును లెక్కించుట పనికిరాదు. మేము పంచాంగపు అంచున తిథికెదురుగ ఆ లెక్క వ్రాసితిమి. తరువాత వైద్యునకు అదియే మిక్కిలి ఉపయోగించినది. దగ్గు వచ్చినపుడు మా వారు సెల్‌ఫోనులో దానిని పట్టి యుంచిరి. ఏలయన వైద్యుని బల్లమీద ఏ పిల్లియు అడిగినపుడు దగ్గదు.

చిన్ననాట మా నాయనగారు నాచేత చరకసంహితలో కొంత చదివించిరి. అందు శ్వాసరోగములు ఐదు: మహా, ఊర్ధ్వ, ఛిన్న, తమక, క్షుద్రములు. తమకశ్వాసయే మన ఉబ్బసము. పరుండిన హెచ్చును, కూర్చున్న నెమ్మది కలుగునని అందున్నది. శ్వాసరోగకారణములలో దుమ్ము, పొగ, గాలి చెప్పబడినవి. మల్లి పక్కకు ఒరగక గొంతుకూర్చుండియే రాత్రులు గడపుట చూచినపుడు నాకా పాఠము తటాలున స్ఫురించినది. పొరుగింటి పిన్నిగారు, "మృగశిర కార్తెకు హైదరాబాదు తీసుకుపోయి బత్తిని వారి చేపమందు వేయించండి, పిల్లి గనక వద్దనదు" అని పరిహాసమాడిరి. ఆ బెంగలోను నవ్వితిని.

గన్నవరములో 1998లో స్థాపితమైన పశువైద్యకళాశాల కలదు. వెదురుబుట్టలో పాతచీర పరచి మల్లిని అక్కడి ఆసుపత్రికి కొనిపోయితిమి. ఉబ్బసమని ఒక్క పరీక్షతో తేల్చుటకు వీలు లేదట. కడుపులోని ఏలికపాముల పిల్లలు ఊపిరితిత్తుల గుండ పోవునపుడును దగ్గు పుట్టును. దోమకాటువలన గుండెలో చేరు పురుగులవలనను, గుండెజబ్బువలనను ఆయాసము కలుగును. అందుచే పెంటిక పరీక్షయు, రొమ్మునకు ఎక్స్‌రేయు తీసి, తక్కినవి కావని తేల్చుకొన్న పిదపనే ఉబ్బసమని నిర్ణయింతురు. ఎక్స్‌రేలో ఏమియు కనబడకున్నను ఉబ్బసము ఉండవచ్చును.

గిట్టని ధూళి లోపలికి పోయినపుడు సన్నని శ్వాసనాళముల గోడలు వాచును, చుట్టునున్న కండరములు బిగియును, లోపల కఫము చేరును. గాలి లోనికి పోవును గాని వెలికి రాదు. అందువలననే గాలి విడుచునపుడు పిల్లి కడుపుతో నెట్టుచుండును. ఆ వాపు తీయుటకు ప్రెడ్నిసొలోన్ మాత్రలు ఇచ్చిరి. నెమ్మదించినది గదా యని వానిని మనంతట మనము ఆపరాదు. వైద్యుడు చెప్పిన క్రమమున తగ్గింపవలెను. చిరకాలము మ్రింగించినచో దప్పిక, మూత్రము, ఒడలు పెరుగును, మధుమేహమును రావచ్చును. కావున పిమ్మట మనుష్యులకు వాడు ఫ్లూటికాసోన్ ఇన్‌హేలరునే చిన్న ముసుగు తగిలించిన స్పేసరుతో పట్టింపుమనిరి. దాని గుణము పూర్తిగ కనబడుటకు ఒకటి రెండు వారములు పట్టును. సాల్బుటమాల్ ఇన్‌హేలరు ఊపిరి బిగిసినపుడు వైద్యుడు చెప్పిన మోతాదున వాడుటకే గాని, నిత్యము వాడి వాపు మందును మానుటకు కాదు.

ముసుగన్న మల్లికి మొదట మహాకోపము. నేను ముసుగును పాలగిన్నె ప్రక్కన ఊరక ఉంచితిని. రెండవవారము దాని యంచున వెన్న రాచితిని. అది తానై ముక్కు పెట్టినది. ఇప్పుడు ఏడెనిమిది శ్వాసలు తీయువరకు నిలుచును. మా అత్తగారే లెక్కపెట్టుదురు.

మందుకంటె ముందు ఇల్లు చక్కబెట్టవలెను. దోమలచుట్ట, అగరువత్తి, సాంబ్రాణి, చుట్టపొగ, పౌడరు — ఇవన్నియు పిల్లి రొమ్మునకు శత్రువులు. మా దేవునిగదిలో ఇప్పుడు నేతిదీపము మాత్రమే. దోమలకు తెర కట్టితిమి. కర్పూరమును పిల్లికి విషమే. బిడ్డలకు రాచు కర్పూరపు లేపనములను దానికి రాయకుడు. అన్నిటికంటె ముఖ్యము: జ్వరమునకు మనము మ్రింగు పారాసిటమాల్ మాత్ర ముక్కయైనను పిల్లి ప్రాణము తీయగలదు. జాలికొలది ఒక పొరుగామె పావుమాత్ర పొడిచేసి తెచ్చినది. నేనును పాలలో కలుపబోయితిని. మా వారు వైద్యునకు ఫోనుచేసి యడిగినందున మల్లి దక్కినది.

కుక్క నోరు తెరచి ఒగర్చుట సహజము. పిల్లి నోరు తెరచి ఊపిరి తీయుచున్నను, చిగుళ్లు నీలముగ మారినను తెల్లవారువరకు చూడరాదు. ఒడిలో బిగించి పట్టుకొనక, నీరు పోయక, గాలియాడు బుట్టలో పెట్టి వెంటనే బయలుదేరవలెను.

ఈ యేడు కాయలను వెలుపలి వసారాలో తడికలు కట్టి మాగవేసితిమి. లోనికి పోనీయమని మల్లి తడిక ముందు కూర్చుండి అరచుచున్నది. నిన్న రాత్రి లెక్క ఇరువదినాలుగు.