ఎనిమిది బై నాలుగు షీటుకు దారేది?

జీహెచ్‌ఎంసీ కమిషనర్ గారికి,

అమీర్‌పేట, పంజాగుట్టల్లో ముప్పై ఏళ్ల కిందటి అపార్ట్‌మెంట్లన్నిటికీ ఇప్పుడు ఒకేసారి రిపేర్ల ఈడు వచ్చింది. మొజాయిక్ తవ్వించి టైల్స్ వేయించేవాళ్లు, కడప రాయి తీసేసి గ్రానైటు పెట్టించేవాళ్లు ఏ సందులో చూసినా ఉన్నారు. డబ్బు ఎలాగో సర్దుకుంటాం, మేస్త్రీని బతిమాలుకుంటాం. కొన్న సామాను ఇంట్లోకి చేర్చేసరికి మాత్రం తల ప్రాణం తోకకొస్తోంది.

రూల్స్ మూడున్నాయి. దేనికదే న్యాయం. పగలు పెద్ద లారీల మీద ట్రాఫిక్ పోలీసుల ఆంక్షలున్నాయి. మెట్రో స్తంభాలు పోగా మిగిలిన రోడ్డు చూస్తే వాళ్లను తప్పు పట్టలేం. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా శబ్దానికి 2000 నాటి నిబంధనలు కళ్లెం వేశాయి, అసోసియేషన్ల వాళ్లు దాన్ని ఇంకా లాగి పొద్దున పది దాకా హమాలీని మెట్లెక్కనివ్వరు. రోడ్డు మీద ఇసుక, కంకర పోస్తే మీ జరిమానా. లారీ రాత్రే రావాలి, సామాను పగలే ఎక్కాలి, ఈలోపు రోడ్డు మీద ఉండకూడదు. మరెక్కడుండాలి సార్? సెల్లార్ నిండా కార్లే.

అర్ధరాత్రి ధరం కరం రోడ్డు పక్క సందులోకి లారీ తిరిగిందంటే ముందు హాస్టల్ పిల్లల్ని లేపాలి. కోచింగ్‌కి వచ్చిన ఆ పిల్లలు కళ్లు నులుముకుంటూ దిగివచ్చి బైకులు జరిపేదాకా డ్రైవరు హారన్ కొడుతూనే ఉంటాడు. చప్పుడు కాకూడదనే కదా ఈ తిప్పలన్నీ! అందుకే చాలామంది ట్రాలీ ఆటోల్లో కొంచెం కొంచెంగా తెప్పించుకుంటున్నారు. కిరాయి పెరుగుతోంది, సందులో బండ్లూ పెరుగుతున్నాయి.

గేటు దాటాక ఇంకో కథ. ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగుల పొడుగు, ఆరుగురు పట్టే లిఫ్టు తలుపు ఆరున్నర అడుగుల ఎత్తు. షాపులోనే కోయించుకొస్తామంటే వడ్రంగి ఒప్పుకోడు, బీరువా తలుపు ఒకే ముక్కలో రావాలంటాడు. గ్రానైటు సంగతి సరేసరి. ఎనిమిది బై రెండు వంటగట్టు రాయి ముప్పావు అంగుళం మందంలో దాదాపు డెబ్బై అయిదు కిలోలు తూగుతుంది. పడుకోబెట్టి మోస్తే విరుగుతుంది కాబట్టి నిలువునే పట్టుకోవాలి. మెట్ల మలుపులో కిందివాడు బరువంతా భుజానికి తీసుకుంటే, పైవాడు రెయిలింగ్ మీదికి వంగి అంచు తిప్పుతాడు. "నీ దిక్కు లేపు... ఆగన్నా, వేలు, వేలు!" గోడ రంగు గీసుకుపోయినందుకు పక్క ఫ్లాటు వాళ్లతో గొడవ వేరే. ముఠా, జట్టు, హమాలీ పనివారి కోసం ఉమ్మడి రాష్ట్రంలో 1976లోనే చట్టం వచ్చింది. మనిషి మోసే బరువు 55 కిలోలు దాటకుండా చూడమని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది. మెట్ల దగ్గర నడిచేది మాత్రం అంతస్తుకింత అనే బేరమే.

సియోల్‌లో నిచ్చెన బిగించిన లారీ వచ్చి సామాను నేరుగా బాల్కనీకి అందిస్తుంది. మన దగ్గర అది కుదరదు. ఎదురుగా కరెంటు తీగలు, కేబుల్ తీగలు. గ్రిల్స్ బిగించుకున్నదేమో మేమే.

ఇంట్లోంచి బయటికి పోయే పెళ్లల సంగతి చూసినవాళ్లున్నారు. కేంద్రం 2016లో నిబంధనలు చేసింది, జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో రీసైక్లింగ్ ప్లాంట్లు వచ్చాయి. లోపలికొచ్చే సామానే ఎవరికీ పట్టలేదు. ట్రాఫిక్ పోలీసులతో మాట్లాడి, పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ముందే చెప్పుకున్నవాళ్లకు సందులో సామాను దించుకునే అనుమతి ఇప్పించండి. ఫీజు పెట్టండి, కడతాం. బస్తాల్లో ఉన్న ఇసుక, సిమెంటుకు ఆ సాయంత్రం దాకా గడువివ్వండి, విడిగా కుప్ప పోస్తే నిక్షేపంగా జరిమానా వేయండి. ఆ వేళల్లో అసోసియేషన్లు అడ్డుపడకుండా ఒక సర్క్యులర్ కూడా కావాలి. ఇక కొత్త కట్టడాల మాట: 2012 నాటి జీవో 168లో సెట్‌బ్యాక్‌లకు, పార్కింగ్‌కు లెక్కలున్నాయి. ప్లాను పాసయ్యే ముందు ఎనిమిది బై నాలుగు షీటు మెట్ల మలుపు తిరుగుతుందో లేదో కూడా చూడమనండి.

ముందు ద్వారకాపురి కాలనీలోనో మా సందులోనో పెట్టి చూడండి. వానలు మొదలయ్యేలోపు అయితే మేలు. సిమెంటు, ప్లైవుడ్ రెండూ తడిస్తే చెత్తే.

ఇట్లు,
అమీర్‌పేటలో ఒక పాత ఫ్లాటు యజమాని