సైజు తగ్గినా సత్తా తగ్గకుండా...

పుంగనూరు ఆవును చూశారా? మూడడుగుల ఎత్తు. మనిషి నడుం దాటదు. పాలు మాత్రం మహా చిక్కన! మామూలు ఆవుపాలలో వెన్న 3 నుంచి 5 శాతం ఉంటే, దీని పాలలో 8 శాతం దాకా ఉంటుందని చెబుతారు. డిజిటల్ ఫొటోను చిన్నది చేసేటప్పుడూ అంతే. సైజు తగ్గాలి, సరుకు చెడకూడదు.

ఆ ఊళ్లోనే ఓ తాత తన ఆవు పక్కన నిలబడి ఫొటో దిగాడనుకుందాం. మనవడు సెల్‌ఫోన్‌లో తీశాడు. 3000×4000 పిక్సెళ్లు. వాట్సాప్‌లో చుట్టాలందరికీ పంపేసి, ఫోన్‌లో చోటు చాలక అసలు ఫొటో తీసేశాడు. తాత పోయాక సంవత్సరీకానికి పటం కట్టిద్దామని స్టూడియోకి వెళ్తే, మిగిలింది 1200×1600 పిక్సెళ్ల కాపీ! 12×16 అంగుళాల ప్రింటులో అంగుళానికి 250 చుక్కలు ఉండాల్సిన చోట 100 మాత్రమే. ముఖం మసకబారింది.

ఎందుకిలా? ఫొటో అంటే రంగు చుక్కల ముగ్గు. చిన్నది చేసినప్పుడు ఇక్కడ ఆరు చుక్కలు కలిసి ఒకటయ్యాయి. మళ్లీ పెద్దది చేయమంటే పోయినవి తిరిగి రావు. పక్క చుక్కల్ని చూసి కంప్యూటర్ ఊహించి నింపుతుంది. ఇప్పటి ఏఐ సాఫ్ట్‌వేర్లు నున్నగానే నింపుతాయి. కానీ అవి గీసే కళ్లూ, ముడతలూ తాతవి కాకపోవచ్చు.

మరేం చేయాలి?

* అసలు ఫొటోను ముట్టుకోవద్దు. కాపీ తీసి దాన్నే తగ్గించండి.

* జేపెగ్ ఫొటోను మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కాస్త వివరం పోతుంది. తగ్గించినదాన్నే మళ్లీ తగ్గించకుండా, ఎప్పుడు కావాలన్నా అసలు ఫొటో నుంచే మొదలుపెట్టండి.

* పొడవు, వెడల్పుల నిష్పత్తి మారనివ్వొద్దు. మారితే మనిషి సాగిపోతాడు. ఇర్ఫాన్‌వ్యూ, గింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఆ సదుపాయం ఉంది.

* ఉద్యోగ దరఖాస్తుకు 20 నుంచి 50 కేబీ ఫొటో అడిగితే, ముందు పిక్సెళ్లు తగ్గించండి. అప్పటికీ ఎక్కువుంటేనే క్వాలిటీ కాస్త దించండి.

* వాట్సాప్‌లో ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలే వెళ్తుంది.

ఈ ఆదివారం ఓ గంట తీరిక చేసుకుని, ఇంట్లో పెద్దవాళ్ల అసలు ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఇంకో కాపీ వేరేచోట దాచండి. చిన్నది ఎప్పుడైనా చేసుకోవచ్చు. పోయిన చుక్కల్నే తిరిగి తెచ్చుకోలేం.