పాత నోట్సుతో సర్వర్‌కు గండి కొట్టకండి

లినక్స్ అడ్మిన్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నారా? అయితే మీ చేతిలో ఉన్న నోట్సు ఏ వెర్షన్‌దో ముందు చూసుకోండి. పులివెందుల జేఎన్‌టీయూలో, ప్రొద్దుటూరు వైవీయూ ఇంజినీరింగ్ కళాశాలలో, గండికి దగ్గర్లోని ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివేవాళ్లయినా, జమ్మలమడుగు నుంచి అమీర్‌పేట కోచింగ్‌కు వెళ్లినవాళ్లయినా చాలామందికి దిక్కు సీనియర్లు ఇచ్చిన జిరాక్స్ కాపీలే. వాటితో బేసిక్స్ వస్తాయి. కానీ ఆపరేటింగ్ సిస్టమ్ అక్కడే ఆగిపోదు కదా!

డిస్క్ స్థలాన్ని వాల్యూములుగా పంచే ఎల్‌వీఎం సంగతే తీసుకోండి. ఇది లినక్స్‌లోకి 1998లో వచ్చింది. ఫిజికల్ వాల్యూమ్, వాల్యూమ్ గ్రూప్, లాజికల్ వాల్యూమ్ అనే మూడు మెట్లు అప్పుడూ ఇప్పుడూ అవే. మారింది చుట్టూ ఉన్న కమాండ్లు. 2014లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 వచ్చినప్పుడు డిఫాల్ట్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 నుంచి ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు మారింది. వాల్యూమ్ పెంచాక పాత నోట్సు చెప్పినట్టు ‘రీసైజ్2ఎఫ్‌ఎస్’ కొడితే ఎర్రర్ వస్తుంది. అక్కడ కావాల్సింది ‘ఎక్స్‌ఎఫ్‌ఎస్ గ్రోఎఫ్‌ఎస్’.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. 2022లో వచ్చిన వెర్షన్ 9లో ఎల్‌వీఎం ప్రతి డిస్క్‌నూ చూడదు. ‘డివైసెస్ ఫైల్’లో పేరున్న డిస్కులనే చూస్తుంది. వేరే సర్వర్ నుంచి తెచ్చి తగిలించిన డిస్క్‌లోని వాల్యూమ్ గ్రూప్ కనపడకపోవచ్చు. ‘ఎల్‌వీఎం డివైసెస్’ కమాండ్‌తో ఆ డిస్క్‌ను జాబితాలో చేర్చితే సరిపోతుంది. ఈ మార్పు తెలియని కొత్త కుర్రాడు డిస్క్ ఖాళీ అనుకుని బలవంతంగా ఫార్మాట్ చేస్తే? బ్యాకప్ లేకపోతే కంపెనీ డేటా గల్లంతే. డేటాతోపాటు ఉద్యోగమూ పోవచ్చు.

అందుకే మా సలహా ఒక్కటే: కమాండ్లు బట్టీ పట్టడం కాదు, వాటిలో వచ్చిన మార్పులను రాసి పెట్టుకోవడం నేర్చుకోండి. కొత్త వెర్షన్ రాగానే దాని రిలీజ్ నోట్స్‌లో స్టోరేజ్ భాగం చదవండి. ప్రతి మార్పుకూ ఐదు సంగతులు రాయండి: ఏ వెర్షన్‌లో మారింది, పాత కమాండ్ ఏది, కొత్తది ఏది, పని అయిందని ఎలా సరిచూడాలి, తప్పు జరిగితే వెనక్కి ఎలా రావాలి. చివరిది చాలామంది వదిలేస్తారు. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను పెంచినంత సులువుగా తగ్గించలేం. అలాంటి మాట నోట్సులో ముందే ఉండాలి. చెరువు కట్టకు గండి పడ్డాక ఇసుక బస్తాల కోసం పరుగెత్తితే లాభమేంటి?

రాసినదాన్ని చేసి చూడండి. దీనికి సర్వరే కొనక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్, ఉచితంగా దొరికే ఆల్మా లినక్స్ లేదా రాకీ లినక్స్, రెండు చిన్న వర్చువల్ డిస్కులు చాలు. చెడిపోయినా నష్టం లేదు.

రెడ్ హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష మొత్తం ప్రాక్టికలే. వాల్యూములు సృష్టించడం, పెంచడం అందులో భాగం. అక్కడ ఇంటర్నెట్ ఉండదు, సిస్టమ్‌తో వచ్చే మ్యాన్ పేజీలే ఆధారం. వాటిని ఇప్పటినుంచే చదివే అలవాటు ఉన్నవాళ్లకు ఆ మూడు గంటలు బరువనిపించవు.

మీ నోట్సును గిట్‌హబ్‌లో పెట్టండి. జూనియర్ల కోసం తెలుగులోనూ రాయండి. రెజ్యూమేలో ‘లినక్స్ వచ్చు’ అని అందరూ రాస్తారు. ‘ఈ వెర్షన్‌లో ఏం మారిందో ఇదిగో, నేను చేసి చూసి రాశాను’ అని చూపించేవాళ్లు కొందరే. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మీకంటూ ఒక విషయం ఉంటుంది. ఈ ఆదివారం ఒక్క కమాండ్‌తో మొదలుపెట్టండి.