గేమింగ్ లాప్‌టాప్ ఆగిపోతే తప్పు వాడినవాడిదేనా?

మన హాస్టల్‌లో చదివి ఇంజనీరింగ్ కాలేజీలకు వెళ్లిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈమధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, గేమింగ్ లాప్‌టాప్ కొనమంటావా?" అని. డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి, మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టులకి అదే కావాలని సీనియర్లు చెబుతారు. షాపువాడు ఎలాగూ చెబుతాడు. ఇంట్లోవాళ్లు చీటీ పాడో, బంగారం తాకట్టు పెట్టో డెబ్బై ఎనభై వేలు సర్ది ఇస్తారు. అంత డబ్బు పోసి కొన్నది ఏడాది తిరక్కుండానే నీలం తెర చూపించి ఆగిపోతుంటే, సర్వీసు సెంటర్లో మొదట వినబడే మాట "ఆటలు బాగా ఆడుతున్నట్టున్నావే!" అని. ఈ మాట మీదే నాకు అభ్యంతరం.

ఆటలాడటానికని పేరు పెట్టి అమ్మిన యంత్రం మీద ఆటలాడితే తప్పెలా అవుతుంది? పొలం దున్నినందుకు ట్రాక్టరు పాడైందని ఎవరైనా అంటే ఊరుకుంటామా? పైగా నాకు తెలిసిన మన చెల్లెలు ఒకామె ఒక్క ఆటా ఆడలేదు. ఫైనలియర్ ప్రాజెక్టు చేసుకుంటుంటే ఆగిపోయేది. రెండుసార్లు విండోస్ మళ్లీ ఎక్కించారు, ఒకసారి ర్యామ్ మార్చి డబ్బులు తీసుకున్నారు. ప్రాసెసర్ ఎంత వేడెక్కుతోందో మాత్రం ఒక్కరూ చూడలేదు.

అసలు సంగతి తెలియాలంటే ఒక లెక్క చూడాలి. ఇంటెల్ 2023లో తెచ్చిన కోర్ ఐ9-13980హెచ్‌ఎక్స్ అనే లాప్‌టాప్ ప్రాసెసర్ మామూలుగా 55 వాట్ల లెక్కన తయారైంది. కానీ టర్బో వేగంలో 157 వాట్ల దాకా లాగుతుంది. అంటే రెండు సీలింగ్ ఫ్యాన్లు తినే కరెంటు. ఆ వేడంతా పుట్టేది రూపాయి బిళ్ల కన్నా చిన్న సిలికాన్ ముక్కలో. పక్కనే ఉన్న గ్రాఫిక్స్ చిప్ మరో వంద వాట్లు జోడిస్తుంది. ఈ రెండింటినీ చల్లార్చేవి రెండు వేళ్ల మందం కూడా లేని డబ్బాలోని రాగి గొట్టాలు, చిన్న ఫ్యాన్లు. 100 డిగ్రీల దగ్గరికి రాగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. ప్రకటనలో రాసిన 5.6 గిగాహెర్ట్జ్ ఎంతసేపు నిలుస్తుందో ప్రకటనలో ఉండదు.

ఇక మన ఎండలు. ఫ్యాన్ ఎంత తిరిగినా గదిలో ఉన్న గాలినే కదా విసరాలి. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర పరీక్షించి మెచ్చుకున్న లాప్‌టాప్‌ను మే నెలలో రామగుండంలోనో, రెంటచింతలలోనో 42 డిగ్రీల గదిలో, అదీ పరుపు మీద పెట్టి వాడితే, 17 డిగ్రీలు మొదట్లోనే నష్టపోయినట్టు. మన రేకుల గదుల్ని దృష్టిలో పెట్టుకుని ఈ యంత్రాలు చేస్తున్నారని నేను అనుకోను.

వేడి వేరు, నిలకడ లేకపోవడం వేరు. ఇది చాలామంది కలిపేస్తారు. వేడెక్కిన ప్రాసెసర్ నెమ్మదిస్తుంది, మరీ మించితే ఆరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు కూడా ప్రోగ్రాములు కూలిపోతుంటే దాన్ని దుమ్ము మీదకో, వేడి మీదకో నెట్టడం కుదరదు.

ఈ రెండో రకానికి పెద్ద ఉదాహరణ ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు. కొన్నవాళ్లకు ఆటలు మధ్యలో కూలిపోయేవి. తెర మీద వీడియో మెమొరీ చాలడం లేదని వచ్చేది. జనం గ్రాఫిక్స్ కార్డును తిట్టుకున్నారు. 2024 ఏప్రిల్‌లో ఎన్‌విడియా, ఈ సమస్య ఉన్నవాళ్లు ఇంటెల్‌ను అడగండని తన డ్రైవర్ నోట్‌లోనే రాసింది. అదే నెలలో ఇంటెల్ మదర్‌బోర్డుల సెట్టింగుల వైపు వేలు చూపించింది. చివరికి 2024 జులైలో అసలు విషయం ఒప్పుకుంది. ప్రాసెసర్ లోపలి మైక్రోకోడ్ అవసరానికి మించి వోల్టేజీ అడుగుతోందని, దానివల్ల చిప్ దెబ్బతింటోందని. ఆగస్టులో, సెప్టెంబరులో సవరణలు వచ్చాయి. వారంటీని మరో రెండేళ్లు పెంచారు. కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఏ సవరణా బాగుచేయలేదు, మార్చుకోవాల్సిందే. 13వ తరం మార్కెట్లోకి వచ్చింది 2022 చివర్లో. అంటే ఏడాదిన్నరకు పైగా కొన్నవాళ్లే తమ యంత్రాన్ని, తమ వాడకాన్ని అనుమానించుకుంటూ గడిపారన్నమాట.

లాప్‌టాప్‌ల మాటేమిటి? ఆల్డెరాన్ గేమ్స్ అనే సంస్థ అదే 2024లో లాప్‌టాప్ ప్రాసెసర్లూ కూలిపోతున్నాయని చెప్పింది. ఇంటెల్ మాత్రం వాటికి ఈ జబ్బు లేదని, అక్కడ కారణాలు వేరని అంది. వారంటీ పెంపు కూడా డెస్క్‌టాప్‌లకే. హెచ్‌ఎక్స్ రకం లాప్‌టాప్ చిప్‌లు డెస్క్‌టాప్ చిప్‌ల నుంచి తీసినవే కాబట్టి జనానికి అనుమానం రావడం సహజం. అయినా రుజువు లేకుండా నేను ఇంటెల్‌ను తప్పుపట్టను. కారణాలు వేరైతే అవేమిటో కొన్నవాడికి చెప్పాలి కదా అన్నదే నా ప్రశ్న.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బిల్లు పారేయకండి. లాప్‌టాప్ ఆగిన తేదీ, సమయం, తెర మీద వచ్చిన సందేశం ఫోన్‌తో ఫొటో తీసి ఉంచండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాసెసర్ ఉష్ణోగ్రతను చూపిస్తుంది, ఆ అంకెలూ దాచండి. సర్వీసు సెంటర్లో నోటిమాటతో సరిపెట్టుకోకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు అడగండి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. సంక్షేమ హాస్టల్ పిల్లలం కాబట్టి గట్టిగా అడగడానికి మొహమాటపడతాం. కౌంటర్ అవతలివాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

మన వైపు నుంచి చేయగలిగిందీ కొంత ఉంది. పరుపు మీద, దిండు మీద పెట్టకుండా చెక్క మీద పెట్టి, వెనక భాగం ఒక పుస్తకం మందం లేపితే కిందనుంచి గాలి ఆడుతుంది. విండోస్ పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99కి తగ్గిస్తే చాలా యంత్రాల్లో టర్బో ఆగిపోయి వేడి బాగా తగ్గుతుంది. (కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఈ వరుస కనబడదు.) కొంత వేగం పోతుంది. రికార్డు రాసుకోవడానికి, కోడింగ్‌కి ఆ తేడా తెలియదు.

కొనాలా వద్దా అంటే, చాలామందికి వద్దనే అంటాను. అదే డబ్బుకి డెస్క్‌టాప్ ఎక్కువ పని చేస్తుంది, పెద్ద ఫ్యాన్ ఉంటుంది, ఏ భాగం పాడైతే ఆ భాగమే మారుతుంది. సెకండ్ హ్యాండ్‌లో 13, 14 తరాల ఐ7, ఐ9 చవకగా వస్తే మాత్రం పాత యజమాని ఎలా వాడాడో తెలియదు కాబట్టి జోలికి పోకండి. అయితే డెస్క్‌టాప్‌ను హాస్టల్ గదిలో ఎక్కడ పెట్టుకుంటాం, పెట్టెల మధ్యనా? ఈ ప్రశ్నకు విడివిడిగా జవాబు లేదు. అందుకే ఈ ఏడు పూర్వ విద్యార్థుల సమావేశంలో నేను ఒక ప్రతిపాదన పెడుతున్నాను. జ్ఞాపికలకు, శాలువాలకు వసూలుచేసే డబ్బుతో స్టడీ రూమ్‌లో రెండు డెస్క్‌టాప్‌లు, ఒక యూపీఎస్ పెడదాం. వాటి బిల్లులు వార్డెన్ గారి బీరువాలో కాకుండా, అందరికీ కనబడేలా నోటీసు బోర్డు పక్కన ఫైల్లో ఉంచుదాం.